కీబోర్డు ఆ అబ్బాయి చేతికే ఇవ్వండి

ప్రశ్న: కావలిలో నాకు నాలుగు సిస్టమ్‌లున్న చిన్న నెట్ సెంటర్ ఉంది. డీటీపీ పనులు కూడా చేస్తుంటాను. బొత్తిగా చూపు లేని ఒక అబ్బాయి ఇంటర్ పూర్తి చేసి, దరఖాస్తుల కోసం మా దగ్గరికి వస్తుంటాడు. ఇంతకాలం అన్నీ నేనే నింపి పంపేవాణ్ని. మొన్న డిగ్రీ ప్రవేశాల దరఖాస్తు నింపుతుంటే, "ఎక్కడేముందో చెప్పన్నా, నేనే నొక్కుతా. నా పాస్‌వర్డ్ నాకొక్కడికే తెలిసుండాల గదా" అన్నాడు. అతనికి పనికొచ్చే కంప్యూటర్ పెట్టాలంటే లక్ష రూపాయల దాకా అవుతుందని తెలిసినవారొకరు చెప్పారు. ఇది నిజమేనా? నేను తెలుగులో టైపు చేసిచ్చిన నోట్సును అతని ఫోను అర్థం లేకుండా చదువుతోందట, కారణమేమిటి? వినికిడి లేని ఒక అమ్మాయి, ఉదయగిరి వైపు నుంచి చేతివేళ్లు సరిగా వంగని ఒక పెద్దాయన కూడా మా దగ్గరికి వస్తుంటారు. వీరికి నేనేం చేయగలను? దీనికి విడిగా డబ్బు తీసుకోవచ్చా?
– ఒక నెట్ సెంటర్ యజమాని, కావలి

సమాధానం: ఆ అబ్బాయి మిమ్మల్ని అడిగింది సాయం కాదు, తన పని తాను చేసుకునే వీలు. ఈ రెండింటికీ ఉన్న తేడాను గుర్తించి, దాని గురించి ఉత్తరం రాసినందుకు మీకు నా నమస్కారాలు. చూపు లేనివారు తమ పాస్‌వర్డునూ, ఓటీపీనీ, ఏటీఎం పిన్నునూ, చివరికి తమకు వచ్చిన మార్కులను కూడా ముందుగా మరొకరి నోట వినవలసి రావడం మన ఊళ్లలో ఎంత మామూలైపోయిందంటే, అందులో వారికి జరిగే నష్టం మనకు కనిపించడమే మానేసింది. మీరు నమ్మకస్తులే కావచ్చు, కానీ ప్రతిసారీ నమ్మదగిన మనిషిని వెతుక్కోవలసిన అవసరమే లేకుండా ఉండాలని అతను కోరుకోవడం పూర్తిగా న్యాయం.

ముందుగా లక్ష రూపాయల సంగతి చూద్దాం. తెరమీద ఉన్నదాన్ని గొంతుతో చదివి వినిపించే ప్రోగ్రామును స్క్రీన్ రీడర్ అంటారు. వాటిలో జాస్ అనేది చాలా పేరున్నదీ, ఖరీదైనదీ. మీకు చెప్పినవారు బహుశా దాని ధరను మనసులో పెట్టుకుని చెప్పి ఉంటారు. అయితే ఎన్‌వీడీఏ అనే మరో స్క్రీన్ రీడర్ ఉంది. మైఖేల్ కరన్ అనే ఆస్ట్రేలియా యువకుడు 2006లో దాన్ని రాయడం మొదలుపెట్టాడు, ఆ తర్వాత జేమ్స్ టే అతనితో కలిశాడు. ఇద్దరికీ చూపు లేదు. చూపున్నవారు కంప్యూటర్ కొనడానికి పెట్టే డబ్బుకు మించి చూపు లేనివారు దాన్ని వాడుకోవడానికి మళ్లీ ఎందుకు పెట్టాలన్నది వారి ప్రశ్న, అందుకే దాన్ని ఉచితంగా ఇచ్చారు. ఈనాటికీ అది ఉచితమే. మీ సిస్టమ్‌లలో విండోస్ 10 గానీ 11 గానీ ఉంటే తాజా వెర్షన్ వేసుకోండి. ఇంకా విండోస్ 7 మీదే నడుస్తున్న పాత సిస్టమ్ ఉంటే, దానికి సరిపోయే చివరి వెర్షన్ 2023.3.4. ప్రత్యేకమైన కంప్యూటర్ కొనవలసిన అవసరం లేదు. మీ నాలుగింటిలో దేనికైనా మంచి హెడ్‌ఫోన్ ఒకటి తగిలిస్తే చాలు. హెడ్‌ఫోన్ మాత్రం తప్పనిసరి, ఎందుకంటే అది లేకపోతే అతని ఓటీపీని కంప్యూటర్ గది నిండా వినిపిస్తుంది. ఎన్‌వీడీఏ సెట్టింగుల్లో స్క్రీన్ కర్టెన్ అనే సౌకర్యం కూడా ఉంది. దాన్ని ఆన్ చేస్తే తెర మొత్తం నల్లబడుతుంది, గొంతు మాత్రం పనిచేస్తూనే ఉంటుంది. పక్క కుర్చీలో కూర్చున్నవారికి అతని వివరాలేవీ కనబడవు.

మీకు ఇంకా బాగా నచ్చే విషయం మరొకటి చెబుతాను. ఎన్‌వీడీఏను పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించుకుని, ఏ విండోస్ కంప్యూటర్‌కైనా తగిలించి, ఇన్‌స్టాల్ చేయకుండానే నడుపుకోవచ్చు. అతనికి నచ్చిన గొంతు, వేగం, ఇతర సెట్టింగులు అన్నీ ఆ పెన్‌డ్రైవ్‌లోనే ఉంటాయి. రేపు అతను నెల్లూరులో కాలేజీలో చేరినా, ఒంగోలులో బంధువుల ఇంటికి వెళ్లినా, అక్కడి కంప్యూటర్ అతనికి పరాయిదిగా ఉండదు. తెలుగు గొంతు ఎన్‌వీడీఏతోపాటే వస్తుంది. ఇన్సర్ట్, కంట్రోల్, వి కీలను కలిపి నొక్కితే గొంతు సెట్టింగులు తెరుచుకుంటాయి, అక్కడ సింథసైజర్‌గా ఈస్పీక్ ఎన్‌జీని పెట్టి, దాని గొంతుల్లో తెలుగును ఎంచుకోవాలి. మొదట ఆ గొంతు యంత్రంలా, కటువుగా వినిపిస్తుంది. మీకు నచ్చలేదని అతని తరఫున మీరే మార్చేయకండి. అలవాటు పడినవారు అదే గొంతును మనకు అంతుపట్టనంత వేగంగా పెట్టుకుని హాయిగా వింటారు.

ఇక నేర్పే పద్ధతి గురించి. చివరి తేదీ ముంచుకొచ్చిన దరఖాస్తుతో మొదలుపెట్టకండి. ఖాళీ నోట్‌ప్యాడ్ తెరిచి, ఇన్సర్ట్ కీతోపాటు పై వరుసలోని 1 నొక్కమనండి. అప్పటినుంచి ఏ కీ నొక్కినా దాని పేరు మాత్రమే వినిపిస్తుంది, ఏ పనీ జరగదు, ఏదీ చెడదు. మళ్లీ అదే జంట నొక్కితే మామూలు స్థితికి వస్తుంది. అలా నొక్కుతూ, వింటూ అతను కీబోర్డునంతా తన వేళ్లతో పరిచయం చేసుకోవచ్చు. ఎఫ్, జె కీల మీద చిన్న గీతలా ఉబ్బెత్తు ఉంటుంది చూడండి, దాన్ని అతని చూపుడువేళ్లకు తగిలేలా చూపించండి. కుడివైపు అంకెల భాగంలో 5 మీద కూడా అలాంటిదే ఉంటుంది. ఏళ్ల తరబడి కీబోర్డు వాడుతున్న మనలో చాలామంది ఆ గీతలను పట్టించుకునే ఉండము, కానీ చూడకుండా టైపు చేసేవారికి చేతులు ఎక్కడ పెట్టాలో చెప్పేవి అవే. మీ కీబోర్డుల్లో అవి అరిగిపోయి ఉంటే కనీసం ఒకటైనా కొత్తది తెప్పించండి.

మౌస్‌ను పూర్తిగా పక్కన పెట్టేయండి. ఒక గడి నుంచి మరో గడికి వెళ్లడానికి ట్యాబ్, వెనక్కి రావడానికి షిఫ్ట్‌తో ట్యాబ్, ఒక కిటికీ నుంచి మరో కిటికీకి ఆల్ట్‌తో ట్యాబ్ సరిపోతాయి. ఏదైనా చదువుతుంటే మధ్యలో ఆపడానికి కంట్రోల్ నొక్కితే చాలు. వెబ్ పేజీలో హెచ్ నొక్కితే ఒక్కో శీర్షికకూ, ఎఫ్ నొక్కితే దరఖాస్తులోని ఒక్కో గడికీ, బి నొక్కితే ఒక్కో బటన్‌కూ అతను దూకుతాడు. గడిలో అక్షరాలు కొట్టాలంటే అక్కడ ఎంటర్ నొక్కాలి, బయటకు రావాలంటే ఎస్కేప్ నొక్కాలి. ఈ లోపలికీ బయటికీ వెళ్లడంలోనే కొత్తవారు ఎక్కువగా తికమకపడతారు. స్థితి మారినప్పుడల్లా చిన్న శబ్దం వస్తుంది, ఆ శబ్దాన్ని గుర్తుపట్టడం మొదటిరోజే నేర్పండి. జిల్లా, మండలం వంటివి ఎంచుకునే జాబితా వచ్చినప్పుడు ఆల్ట్‌తో కింది బాణం నొక్కితే జాబితా తెరుచుకుంటుంది, పేరులోని మొదటి అక్షరం కొడితే అక్కడికి చేరుతుంది.

అతను నేర్చుకుంటున్నంతసేపూ మీ చేతులు కీబోర్డు మీదికి వెళ్లకూడదు. ఇది చెప్పినంత తేలిక కాదు. అతను ఒక గడి దగ్గర ఆగిపోయి వెనక్కీ ముందుకీ తిరుగుతుంటే, బయట మరో ఇద్దరు వేచి ఉంటే, అర నిమిషంలో మీరే చేసేయాలని ప్రాణం కొట్టుకుంటుంది. అలా చేసిన మరుక్షణం అతను ఏ గడిలో ఉన్నాడో అతనికి తెలియకుండా పోతుంది, నేర్చుకున్నదంతా తెగిపోతుంది. "ఇప్పుడు ఏం వినిపించింది?" అని మాత్రం అడగండి. అక్కడ, ఇక్కడ, పక్కన, ఆ ఎర్రదాని కింద వంటి మాటలు అతనికి ఎందుకూ పనికిరావు. "పుట్టిన తేదీ తర్వాత గడి" అని చెబితే అతనే వెళ్లగలడు.

మీ సాయం నిజంగా కావలసిన చోట్లు కూడా ఉంటాయి. వంకరటింకర అక్షరాల బొమ్మ చూపించి అందులో ఏముందో కొట్టమనే క్యాప్చా దగ్గర, వినిపించే ప్రత్యామ్నాయం లేకపోతే, ఆ అక్షరాలు మీరు చదివి వినిపించండి, అతను కొడతాడు. ఫొటోనూ, సంతకాన్నీ స్కాన్ చేసి అడిగిన సైజుకు తగ్గించడం మీ పనే. కొన్ని వెబ్‌సైట్లలో బటన్ స్థానంలో బొమ్మ పెట్టి దానికి పేరు ఇవ్వరు. అప్పుడు అతనికి "బటన్" అన్న ఒక్క మాటే వినిపిస్తుంది, అది పంపే బటనో, చెరిపే బటనో తెలియదు. అది అతని చేతకానితనం కాదు, ఆ పేజీ తయారుచేసినవారు వదిలేసిన పని. ఇలాంటివి ఎదురైనప్పుడు ఆ సైట్‌లోని ఫిర్యాదుల విభాగానికి అతని పేరుమీదే, అతని చేతనే రాయించండి. వికలాంగుల హక్కుల చట్టం 2016లో వచ్చి 2017 ఏప్రిల్ 19 నుంచి అమల్లో ఉంది. పాత చట్టంలో 7గా ఉన్న వైకల్యాల సంఖ్యను 21కి పెంచిన చట్టం ఇదే. ఎలక్ట్రానిక్ మాధ్యమాల్లోని సమాచారం వికలాంగులకు అందుబాటులో ఉండేలా ప్రభుత్వం చర్యలు తీసుకోవాలని అందులోని 42వ సెక్షన్ చెబుతోంది. బ్యాంకు ఖాతా వంటివాటికోసం కెమెరా ముందు కళ్లు ఆర్పి చూపించమనే కేవైసీ పద్ధతి వల్ల నష్టపోయిన యాసిడ్ దాడి బాధితులూ, చూపు లేనివారూ వేసిన కేసుల్లో 2025 ఏప్రిల్ 30న సుప్రీంకోర్టు తీర్పు చెబుతూ, డిజిటల్ సేవలు అందుకునే హక్కు రాజ్యాంగంలోని 21వ అధికరణం ఇచ్చే జీవించే హక్కులో భాగమేనని స్పష్టం చేసింది. కాబట్టి ఆ ఫిర్యాదులో ప్రాధేయపడవలసిన అవసరం ఏమీ లేదు.

ఇప్పుడు మీ నోట్సు విషయానికి వస్తాను. నా దృష్టిలో మీ ఉత్తరంలో అన్నిటికంటే ముఖ్యమైన ప్రశ్న ఇదే, ఎందుకంటే దీని పరిష్కారం పూర్తిగా మీ చేతుల్లో ఉంది. మీరు పేజీలు కూర్చే పేజ్‌మేకర్ ప్రోగ్రాములో, అను వంటి పాత తరం ఫాంట్లతో టైపు చేస్తున్నారని అనుకుంటున్నాను. తెలుగునాట డీటీపీ నేర్చుకున్నవారిలో అత్యధికులు అలాగే నేర్చుకున్నారు, ఒకప్పుడు వేరే దారి కూడా లేదు. ఆ ఫాంట్లలో జరిగేది ఏమిటంటే, కంప్యూటర్ తన లెక్కలో ఇంగ్లీషు అక్షరాలూ, డాలర్ గుర్తూ, కూడిక గుర్తూ వంటివాటికి కేటాయించుకున్న స్థానాల్లో తెలుగు అక్షరాల ఆకారాలను గీసి పెట్టారు. తలకట్టు ఒక చోట, కొమ్ము మరో చోట, ఒత్తు ఇంకో చోట ఉంటాయి. కంటికి చక్కని తెలుగు కనిపిస్తుంది. కానీ ఫైలులో ఉన్నది తెలుగు కాదు. అతని ఫోను పిచ్చిగా చదవడం లేదు, ఫైలులో నిజంగా ఏముందో దాన్నే చదువుతోంది. ఆకారాన్ని చూడగల మనకు తెలుగులా కనిపించేదే, ఆకారాన్ని చూడలేని ఆ అబ్బాయికి డాలర్, ప్లస్, అడ్డగీత అంటూ వినిపిస్తుంది.

ప్రపంచ భాషల్లోని ప్రతి అక్షరానికీ విడిగా ఒక సంఖ్య ఇచ్చే యూనికోడ్ అనే పద్ధతిలో ఈ సమస్య రాదు. అందులో తెలుగుకు 3072 నుంచి 3199 వరకు 128 స్థానాలను విడిగా కేటాయించారు. క అనే అక్షరం సంఖ్య 3093, ప్రపంచంలో ఏ కంప్యూటర్‌లోనైనా, ఏ ఫోనులోనైనా, ఏ ఫాంటులోనైనా అది 3093 గానే ఉంటుంది. అందువల్ల దాన్ని క అని పలకడం యంత్రానికి సాధ్యమవుతుంది. మీ దగ్గరున్న పీడీఎఫ్‌లను పరీక్షించడం చాలా సులువు. ఒక వాక్యాన్ని ఎంచుకుని, కాపీ చేసి, నోట్‌ప్యాడ్‌లో పేస్ట్ చేయండి. తెలుగే వస్తే ఆ ఫైలు చాలావరకు బాగున్నట్టు. ఇంగ్లీషు అక్షరాలూ గుర్తులూ కలగాపులగంగా వస్తే అది పాత ఫాంటు. అసలు వాక్యాన్ని ఎంచుకోవడానికే వీలుపడకపోతే అది స్కాన్ చేసిన బొమ్మ, స్క్రీన్ రీడర్‌కు అందులో ఒక్క అక్షరం కూడా ఉండదు. అలాంటి బొమ్మ ఫైలును గూగుల్ డ్రైవ్‌లోకి ఎక్కించి, గూగుల్ డాక్స్‌తో తెరిస్తే తెలుగు అక్షరాలను గుర్తించి రాతగా మార్చి ఇస్తుంది. ఒత్తుల దగ్గర తప్పులు దొర్లుతాయి కాబట్టి అతనికి ఇచ్చేముందు ఒకసారి సరిచూడండి. పాత ఫాంట్ల రాతను యూనికోడ్‌లోకి మార్చే కన్వర్టర్లు కూడా దొరుకుతాయి, వాటి ఫలితాన్నీ ఇలాగే సరిచూడాలి.

పెళ్లిపత్రికలూ, ఫ్లెక్సీలూ మీరు ఇప్పుడు చేస్తున్నట్టే చేసుకోండి, అచ్చులో ఆకారమే కదా కావలసింది. ఫైలుగా ఒకరి చేతికి వెళ్లేవి, అంటే నోట్సు, ప్రశ్నపత్రాలు, నోటీసులు, దరఖాస్తు నమూనాలు మాత్రం ఈరోజు నుంచే యూనికోడ్‌లో చేయండి. పేజ్‌మేకర్ తెలుగు యూనికోడ్‌ను పట్టించుకోదు, కనుక ఈ పనులకు వర్డ్ గానీ, ఉచితంగా దొరికే లిబ్రె ఆఫీస్ గానీ వాడాలి. ఇన్నేళ్లుగా మీ వేళ్లు, ఏ కీకి ఏ తెలుగు అక్షరమో చెప్పే యాపిల్ కీబోర్డు లేఅవుట్‌కు అలవాటు పడి ఉంటే, అదే లేఅవుట్‌లో యూనికోడ్ టైపు చేసే కీబోర్డులు కూడా ఉన్నాయి, మళ్లీ అఆల దగ్గర మొదలుపెట్టనక్కరలేదు. వర్డ్‌లో పాఠం పేరును కేవలం పెద్దగా, లావుగా చేసి వదిలేయకుండా హెడింగ్ స్టైల్ ఇవ్వండి. అలా ఇస్తేనే అతను ఒక శీర్షిక నుంచి మరో శీర్షికకు దూకగలడు, లేకపోతే నలభై పేజీల నోట్సులో మూడో పాఠం కోసం మొదటి పేజీ నుంచి వినుకుంటూ రావాలి. బొమ్మ ఉంటే దాని మీద కుడి క్లిక్ చేసి, ఆ బొమ్మలో ఏముందో ఒకటి రెండు వాక్యాల్లో రాసే చోటు ఉంటుంది, అక్కడ రాయండి. చివరగా పీడీఎఫ్ చేసేటప్పుడు ప్రింట్ దారిలో వెళ్లకుండా సేవ్ యాజ్‌లో పీడీఎఫ్‌ను ఎంచుకోండి. ప్రింట్ దారిలో చేసిన పీడీఎఫ్‌లో మీరు కష్టపడి ఇచ్చిన హెడింగుల సమాచారం పోతుంది. అసలు వర్డ్ ఫైలునే ఇచ్చేస్తే ఇంకా మంచిది.

అతని ఫోను సంగతి మీకంటే అతనికే ఎక్కువ తెలిసి ఉంటుంది. ఆండ్రాయిడ్‌లోని టాక్‌బ్యాక్ అనే స్క్రీన్ రీడర్‌తోనే అతను మీ నోట్సు వినడానికి ప్రయత్నించి ఉంటాడు. కరెన్సీ నోట్లు గుర్తుపట్టడానికి రిజర్వు బ్యాంకు 2020లో తెచ్చిన మణి అనే యాప్ ఉంది, అది అతని ఫోనులో లేకపోతే చెప్పండి. లాప్‌టాప్ విషయంలో జిల్లా విభిన్న ప్రతిభావంతుల శాఖ కార్యాలయంలో ఒకసారి కనుక్కోమనండి, చూపు లేని విద్యార్థులకు లాప్‌టాప్‌లు ఇచ్చే పథకాలు ఆ శాఖ ద్వారా అమలవుతుంటాయి.

ఉదయగిరి వైపు నుంచి వచ్చే పెద్దాయన గురించి మీరు ఎక్కువ వివరాలు రాయలేదు. ఆ మెట్ట ప్రాంతంలోనూ, కనిగిరి పరిసరాల్లోనూ ఫ్లోరైడు నీళ్లు తాగి కీళ్లు బిగుసుకుపోయినవారు ఎందరో ఉన్నారు, వారందరికీ ఈ మాటలు వర్తిస్తాయి. రెండు మూడు కీలు ఒకేసారి నొక్కడం వారికి పెద్ద కష్టం. షిఫ్ట్ కీని వరుసగా 5 సార్లు నొక్కితే స్టిక్కీ కీస్ అనే సౌకర్యం వస్తుంది. అప్పుడు కంట్రోల్ నొక్కి వదిలేసి, తర్వాత తీరికగా రెండో కీ నొక్కవచ్చు. వేలు ఎత్తడం ఆలస్యమై ఒకే అక్షరం పదిసార్లు పడుతుంటే ఫిల్టర్ కీస్ ఆన్ చేయండి. మౌస్ సెట్టింగుల్లో డబుల్ క్లిక్ వేగాన్ని బాగా తగ్గించి, బాణం గుర్తును పెద్దది చేయండి. మాట స్పష్టంగా ఉన్నవారైతే విండోస్ 11లో విండోస్ కీతో హెచ్ నొక్కి, భాషను తెలుగుకు మార్చుకుని చెబుతుంటే అదే టైపు చేస్తుంది. ఇలాంటి సౌకర్యాలన్నీ ఒకేచోట కావాలంటే విండోస్ కీతో యు నొక్కండి. చూపు కొద్దిగా ఉన్నవారికి విండోస్ కీతో కూడిక గుర్తు నొక్కితే తెర పెద్దదిగా కనిపిస్తుంది.

వినికిడి లేని అమ్మాయికి కంప్యూటర్ దగ్గర పెద్దగా అడ్డంకులు ఉండవు, అడ్డంకి మీతో మాట్లాడటంలోనే ఉంటుంది. ఆండ్రాయిడ్ ఫోనులో లైవ్ ట్రాన్‌స్క్రైబ్ యాప్ పెట్టి, భాష తెలుగు ఎంచుకుని, ఫోనును ఇద్దరి మధ్యా బల్లమీద ఉంచితే మీరు మాట్లాడింది అక్షరాల్లో కనిపిస్తుంది. ఆమె తన జవాబును అందులోనే టైపు చేయవచ్చు. అయితే పుట్టుకతోనే వినికిడి లేక, సంజ్ఞా భాషతోనే పెరిగినవారికి మన రాత తెలుగు రెండో భాష వంటిదని గుర్తుంచుకోండి. చిన్న వాక్యాల్లో, నెమ్మదిగా, ఆమె ముఖం చూస్తూ మాట్లాడండి. ఓటీపీ ఫోన్ కాల్ ద్వారా వచ్చే చోట ఎస్సెమ్మెస్‌ను ఎంచుకోమనండి.

మీ దుకాణం గుమ్మం ముందు మెట్టు ఉంటే దాని మీద వాలుగా ఒక గట్టి చెక్క వేయించండి. నాలుగు సిస్టమ్‌లలో ఒకదాని బల్ల కింద చక్రాల కుర్చీ దూరేంత ఖాళీ ఉంచండి. మీ ఉత్తరంలో దీని ప్రస్తావన లేదు, బహుశా ఆ మెట్టు ఎక్కలేనివారు మీ దగ్గరికి ఇంతవరకూ రాలేదు కాబట్టి.

డబ్బు విషయంలో నా సలహా ఇది. అతను సిస్టమ్ దగ్గర కూర్చున్నందుకు అందరి దగ్గరా గంటకు ఎంత తీసుకుంటారో అంతే తీసుకోండి. ఉచితం అనకండి, అతనికి అది రుచించకపోవచ్చు, రావడానికి మొహమాటపడతాడు కూడా. అయితే మొదట్లో మిగతావారికి అరగంట పట్టే దరఖాస్తు అతనికి రెండు గంటలు పట్టవచ్చు. ఆ అదనపు సమయం అతని తప్పు వల్ల వచ్చింది కాదు కనుక దానికి డబ్బు లెక్కగట్టడం సరికాదు. దరఖాస్తుకు ఇంత అని తీసుకునే పద్ధతి మీకు ఉంటే, నింపేది అతనే కాబట్టి ఆ రుసుము అడగకండి, స్కానింగుకూ ప్రింటుకూ మాత్రం తీసుకోండి. పొద్దున దుకాణం తెరిచిన తర్వాతి గంట సాధారణంగా రద్దీ లేకుండా ఉంటుంది. వారానికి రెండు రోజులు ఆ గంట అతనిదని ముందే చెప్పి, ఆ సిస్టమ్‌లో ఎన్‌వీడీఏను సిద్ధంగా ఉంచండి.